పదును వద్దన్న కత్తి

మా కాకినాడ వాళ్లకు శంషాబాద్ అంటే విమానాశ్రయమే. విమానం ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ తప్ప పనిగట్టుకుని అక్కడికి వెళ్లినవాళ్లను నేను చూడలేదు. నేను వెళ్లాను. ఎనిమిది రోజులు ఆ చుట్టుపక్కల తిరిగి, ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండా తిరిగొచ్చాను. వెళ్లింది కత్తి చేయించడానికి. వచ్చాక "ఎలా ఉందండీ అక్కడ?" అని అడిగినవాళ్లకు ఎండ సంగతీ తిండి సంగతీ చెప్పి తప్పించుకున్నాను. ఆర్నెల్లు గడిచాయి. ఇక తప్పించుకునే ఓపిక లేదు, మొత్తం రాసేస్తున్నాను.

ముందు మా అన్నయ్య గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లు సరుకుల ఓడల్లో ఫిట్టరుగా పనిచేశాడు. ఒకసారి ఓడ మరమ్మతు కోసం నార్వేలో ఆగినప్పుడు అక్కడి మ్యూజియంలో ఒక కత్తి చూశాడు. వెయ్యేళ్ల కిందట ఆ మంచుదేశాల్లో వైకింగులని ఓడల మీద తిరిగే జనం ఉండేవారట, వాళ్లది. రెండు మూరల పొడవు, రెండు వైపులా అంచు, నడుమ వెడల్పాటి గాడి, మొండి కొన, పిడి చివర మూడు బొడిపెలు. అన్నయ్య వరసగా మూడు రోజులు వెళ్లి, అద్దం మీద జానతో కొలిచి, కాపలావాడి చేత తిట్లు తిని మరీ దాని బొమ్మ గీసుకొచ్చాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎక్కడ నలుగురు దొరికినా ఆ కాగితం తీసేవాడు. "ఇది రాజుల కత్తి కాదురా, తెడ్డు వేసేవాడి కత్తి" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

చక్కెర జబ్బు అన్నయ్య కుడికన్ను తినేసింది. ఎడమ కంట్లో కాస్త చూపు మిగిలింది. ఆపరేషన్ చేస్తే అది నిలవొచ్చు, పోనూ వచ్చు, ఆలస్యం చేస్తే మాత్రం లోపల రక్తం కమ్మేస్తుంది అన్నాడు డాక్టరు. సోమవారానికి ముహూర్తం పెట్టారు. ఇంకా పది రోజులుందనగా అన్నయ్య నన్ను పిలిచి, "ఒకవేళ పోతే ఆఖరికి ఏం చూశానని చెప్పుకోవాలిరా సత్యం? ఆసుపత్రి గోడా? ఆ కత్తి ఒక్కసారి చూపించు. రేకుతో చేసింది కాదు, కొలిమిలో కాల్చి కొట్టింది" అన్నాడు. అన్నయ్య నన్ను ఏదైనా కావాలని అడగడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు.

మా వైపు కమ్మరులంతా వెల్డింగు షాపులు పెట్టుకుని కిటికీ గ్రిల్స్ చేసుకుంటున్నారు. మా పోస్టాఫీసుకు వచ్చే ఒక నాటకాలాయన, శంషాబాద్ దగ్గర సాతంరాయిలో సినిమాలకు కత్తులు చేసే కమ్మరి ఉండాలి అన్నాడు. నేను సబ్ పోస్ట్‌మాస్టర్ని. రూలంటే భయం నాకు రక్తంలోనే ఉంది. బయల్దేరే ముందు వకీలు మిత్రుణ్ణి అడిగాను. పదునున్న పెద్ద కత్తికి లైసెన్సు కావాలి, మొద్దుగా ఉంటే గోడకు పెట్టుకునే బొమ్మ, ఎవరూ అడగరు అన్నాడు. అయితే పదును వద్దు అని అప్పుడే తీర్మానించేసుకున్నాను. అన్నయ్యను అడగలేదు. చూడ్డానికేగా, పదునెందుకు అనుకున్నాను.

ఆరాంఘర్

సోమవారం ఉదయం రైలు దిగి, సిటీ బస్సులో ఆరాంఘర్ చౌరస్తా దాకా వచ్చాను. లారీలు, ఆటోలు, షేర్ జీపులు అన్నీ ఒక్కచోటే హారన్లు కొడుతుంటాయి. అరకప్పు చాయ్ నాలుగు రూపాయలు. పాలు చిక్కగా కాచి పోస్తారు, తాగాక చాలాసేపు నోట్లో తీపి పోదు. కాఫీ అడిగితే దుకాణాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎక్కడ మనది? ఆంధ్రనా?" అన్నాడు. తెలంగాణ కోసం రోజు విడిచి రోజు బందులు జరుగుతున్న రోజులవి. కాకినాడ అని గొణిగాను. "గట్లనా. జర కూసో, ఛాయ్ తాగు" అని స్టూలు జరిపాడు.

మొదటి పూట నన్ను బాధపెట్టింది ఆ "కూసో", "తాగు"లే. యాభై నాలుగేళ్ల వాణ్ణి, మా ఊళ్లో పాలవాడు కూడా నన్ను "మీరు" అంటాడు. అక్కడ కొత్తవాణ్ణి నువ్వు అంటారు, అంటూనే కుర్చీ వేస్తారు. అందులో అమర్యాద లేదని అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సాతంరాయి

సాతంరాయిలో కమ్మరి కొలిమి ఉన్నమాట నిజమే. ఇప్పుడు అక్కడ టైర్ల దుకాణం ఉంది. కమ్మరి చనిపోయి నాలుగేళ్లయిందట, కొడుకులు ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోస్తున్నారట. రోడ్డు పక్కన సంచీ పెట్టుకుని, అన్నయ్యకు ఫోన్లో ఏం చెప్పాలా అని నిలబడిపోయాను.

అప్పుడు తగిలాడు యాదయ్య. నా ఈడువాడే, ఆటో నడుపుతాడు. సంగతి విని, "గా ముసలాయన బామ్మర్ది ఉన్నడు, నర్సింహాచారి. కందుకూర్ల ఉంటడు. ఇంకా కొలిమి పెట్టుకున్నోడు ఈ సుట్టుపట్ల గాయన ఒక్కడే. రేపు పొద్దుగాల తోల్కపోత, కిరాయి నీకు తోసింది ఇయ్యి" అన్నాడు. నా మొహం చూసి ఏమనిపించిందో, శంషాబాద్‌లో తనకు తెలిసిన లాడ్జిలో దింపి, "పరేషాన్ గాకు సారు" అని వెళ్లాడు.

ఆ గదిలో సామాను ఒక మంచం, ఒక బకెట్టు. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం గిలగిల్లాడేది.

కందుకూరు

కందుకూరు శ్రీశైలం రోడ్డు మీద ఉంది. దారి పొడుగునా మక్కచేలు, వాటి మధ్యలో ప్లాట్ల కోసం పాతిన తెల్లరాళ్లు. నర్సింహాచారి ఇల్లు ఊరి చివర, ముందు రేకుల పందిరి, దాని కింద కొలిమి. అరవై దాటినవాడు, సన్నగా ఉన్నాడు. భార్య అంజమ్మ మాకు నీళ్లిచ్చి గుమ్మంలో కూర్చుంది.

అన్నయ్య గీసిన కాగితం ఇచ్చాను. చారి దాన్ని నేల మీద పరిచి చాలాసేపు చూశాడు.

"ఇదేంది, కొన గిట్ల మొండిగున్నది? పొడవనీకె పనికిరాదు."

"ఇది నరికే కత్తండి."

"నడుమ గీ గాడెందుకు?"

"బరువు తగ్గడానికట."

"షోకు జేసిన్రు" అని నవ్వాడు. "సినిమావోళ్లు పదేండ్ల సంది రావట్లే. వాళ్లకు ఇప్పుడు ప్లాస్టిక్ కత్తులే. నాకు గొడ్డండ్లు, కొడవండ్లు, ట్రాక్టర్ కర్రులు. మస్తు దినాలైంది గిసొంటి పని తగలక. ఎవలికి ఇది?"

చెప్పాను. ఓడల సంగతి, కన్ను సంగతి, సోమవారం సంగతి. అంజమ్మ "అయ్యో కొడుకా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్క మాటండి. పదును మాత్రం వద్దు. అంచు మొద్దుగా ఉంచండి" అన్నాను. చారి తల ఎత్తలేదు, కాగితం మీద గాడి వెడల్పు వేళ్లతో కొలుస్తున్నాడు. విన్నాడనుకున్నాను. మా ఆఫీసులో సంతకం లేనిదే కవరు కదలనివ్వని నేను, ఆ ఒక్కచోట ఊరుకున్నాను.

ఈ రోజే మొదలుపెడదామా అంటే అతను తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యాల ఇనుము లేదు. రేపు అమాస. కొలిమి ముట్టియ్య. ఎల్లుండి సూద్దం."

రోజులు లేవని బతిమాలాను. ఎక్కువ ఇస్తానని నోరు జారాను. చారి మొహం మాడిపోయింది. "పైసల ముచ్చట గాదు సారు. అమాస నాడు మా కమ్మరోళ్లు దాగలి మీద దెబ్బ ఎయ్యరు." దాగలి అంటే ఇనుము కాల్చి పెట్టి కొట్టే దిమ్మ. ఆ రోజు దాన్ని కడిగి, పసుపు పూసి, బొట్టు పెడతారట. రోజూ పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాణ్ణి, బయల్దేరేటప్పుడు ఆ ఒక్క చూపు చూసుకుని ఉంటే ఆదివారం రైలెక్కకుండా శనివారమే ఎక్కేవాణ్ణి.

విమానాశ్రయం

అమావాస్య బుధవారం ఖాళీగా గడిచింది. లాడ్జిలో కూర్చుంటే పిచ్చెక్కుతోందని యాదయ్య ఎయిర్‌పోర్టు చూపిస్తానన్నాడు. అది తెరిచి అప్పటికి మూడేళ్లు కాలేదు, ఇంకా చూడ్డానికి జనం వచ్చేవారు. ఆదివారాలు పిల్లలకు కొత్త బట్టలు వేసి తీసుకొస్తారట. టీ ధర చూసి ఇద్దరం బయటకొచ్చి, గోడవతల బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నాం. అక్కడి బజ్జీలో వాము ఉండదు, కారం మాత్రం పుష్కలంగా ఉంటుంది. కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే యాదయ్య నవ్వి, "ఆంధ్రోళ్లు మస్తు కారం తింటరంటరు గదా" అన్నాడు.

తర్వాత కంచె దగ్గర ఆటో ఆపి లోపలికి చూపించాడు. "గా దీపాల స్తంభం ఉంది సూడు. గాడ మా జొన్నచేను. మూడెకరాలు. మా బాపు చచ్చిపోయినంక గాడనే పెట్టినం. ఇప్పుడు గోరీ కాడికి పోవాల్నంటె విమానం టికెట్ కొనాలె." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరి బాధ వాళ్లదే అనుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ కంచె పట్టుకుని దీపాల స్తంభం వైపే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్యకు ఇవాళ అన్నంలో కూర కనబడలేదు సత్యం. త్వరగా వచ్చెయ్యి."

కొలిమి

గురువారం తెల్లారేసరికి చారి లారీ చక్రాల పైన స్ప్రింగుగా ఉండే కమాన్ పట్టీ ఒకటి తెచ్చి పెట్టాడు. అంతకంటే మంచి ఇనుము ఈ భూమ్మీద లేదంటాడు. తుమ్మ బొగ్గులు రాజేసి, పట్టీని ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టాడు. పెద్ద సమ్మెట అంజమ్మ ఎత్తింది. మా వైపు ఆడవాళ్లు సమ్మెట పట్టడం నేను చూడలేదు. అతను చిన్న సుత్తితో ఎక్కడ తడితే అక్కడ ఆమె దెబ్బ పడుతోంది, మధ్యలో ఒక్క మాట లేదు. నలభై ఏళ్ల కాపురం అంటే ఏమిటో ఆ దెబ్బల్లో తెలిసింది.

"పట్టు సారు, నువ్వు గూడ నాలుగెయ్యి. మీ అన్నకు జెప్పుకోవొచ్చు" అంది అంజమ్మ. వేశాను. మొదటిది దాగలి అంచుకు తగిలి చేతులు భుజాల దాకా జిల్లుమన్నాయి. రెండోదానికి బొబ్బ లేచింది. "సాలు సాలు, నువ్వు ముద్రలే గుద్దుకో" అని సమ్మెట లాక్కుంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు పెట్టారు. పుంటికూర అంటే మన గోంగూరే. మనం నూనెలో వేయించి నిలవ చేసుకుంటాం, వాళ్లు పప్పులో వేసి ఆ పూటకు తింటారు. పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు, చింతపండు రసంలో ఉల్లిపాయ, కారం పిసికి కలుపుతారు. ఎండన పడి వచ్చినవాడికి ప్రాణం లేచొస్తుంది. అన్నం లేకుండా మధ్యాహ్నం గడపడం నాకదే మొదటిసారి, ఆకలి మాత్రం వేయలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి కత్తి ఆకారం వచ్చింది. నడుమ గాడి కూడా దించాడు. మళ్లీ ఎర్రగా కాల్చి, గట్టిపడ్డానికి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుస్సుమంది. ఆ బుస్సులోంచి టక్కుమని చిన్న చప్పుడు. చారి బయటికి తీసి వెలుగులో పెట్టాడు. గాడి పొడుగునా వెంట్రుకంత పగులు.

"అతికిద్దామా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. చారి దాన్ని తుక్కు కుప్పలోకి గిరాటేసి, నెత్తి మీది తువ్వాల తీసి మొహం తుడుచుకుని, "ఇంకో పట్టీ తేవే" అని భార్యతో అన్నాడు. శుక్రవారం మిగిలిన పొద్దంతా, శనివారమంతా ఇద్దరూ కొట్టారు. ఈసారి నూనెలో ముంచాడు, పగల్లేదు. చీకటి పడుతుండగా, "పిడి ఒక్కటే మిగిలె. రేపు పొద్దున రాండ్రి" అని మమ్మల్ని పంపేశాడు. సోమవారం తెల్లారేసరికి కాకినాడలో ఉంటానని అన్నయ్యకు చెప్పాను. ఆ వారంలో నేను నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

నిమ్మకాయ

ఆదివారం ఉదయం వెళ్లేసరికి పందిరి ఊడ్చి, ముగ్గు పెట్టి, చాటలో కత్తి పెట్టి ఉంచారు. నేనేదో బొమ్మ కత్తి వస్తుందనుకుంటూ వచ్చాను. కాగితం మీద ముప్పై ఏళ్లుగా చూసింది అక్కడ చాటలో పడుకుని ఉంది. మూడు బొడిపెలు, అడ్డుపట్టీ, నడుమ సన్నటి నీడ పడుతున్న గాడి. కొత్త ఇనుము చేతికివ్వకూడదట, కింద పెడితే మనమే తీసుకోవాలట. వంగి తీసుకోబోయాను.

"ఆగు సారు" అని చారి ఒక నిమ్మకాయ తెచ్చాడు. కత్తిని అంచు పైకి వచ్చేలా పట్టుకుని దాని మీద ఆ కాయను ఊరికే వదిలాడు. రెండు ముక్కలు అటొకటి ఇటొకటి పడ్డాయి.

"పదును వద్దన్నాను కదండీ" అన్నాను.

"అన్నవ్" అన్నాడు చారి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా సానబెట్టాడని అంజమ్మ చెప్పింది. "పదును లేంది నా కొలిమి దాటదు సారు. మా తాత కాలం సంది గట్లనే. నువ్వు అడిగింది నీ కోసం గాదు గదా. ఇగ కండ్లు పోయేటోడు కడసారి సూసేది. గసొంటోనికి మొండి ఇనుము సూపిస్తనా?"

మొద్దు చేయించుకుని వెళ్లి ఉండాల్సింది. బస్సుకు ఇంకా ఏడు గంటల టైముంది. కానీ అతను రాత్రంతా కూర్చుని పెట్టిన పదును అతని ముందే తీసెయ్యమని అనలేకపోయాను. పైగా నిజం చెప్పొద్దూ, ఆ నిమ్మకాయ పడ్డ తీరుకు నాకు ఒళ్లు జలదరించింది. ఇది అన్నయ్య చూడాలి అనిపించింది. ఎవరు చూడొచ్చార్లే అని గోనెసంచీలో చుట్టి భుజానికెత్తుకున్నాను. ఉద్యోగంలో చేరాక నేను తెలిసి తప్పిన రూలు అదొక్కటే.

మళ్లీ ఆరాంఘర్

లాడ్జి ఖాళీ చేసి యాదయ్య ఆటోలో వస్తుంటే ఆరాంఘర్ దగ్గర పోలీసులు బళ్లు ఆపుతున్నారు. మర్నాడు బందట. గోనెసంచీ విప్పమన్నారు. విప్పాను. చుట్టూ నలుగురు మూగారు.

స్టేషన్లో ఎస్సై కత్తిని బల్ల మీద పెట్టించాడు. కుర్రవాడేం కాదు, సౌమ్యంగానే మాట్లాడాడు. "ఎవరి మీదికండీ ఇది?" అన్నాడు.

"మా అన్నయ్యకండి. చూడ్డానికి. ఇది వైకింగుల కత్తండి" అన్నాను. ఒక కానిస్టేబుల్ ఫక్కున నవ్వాడు. నా మాటలు నాకే నమ్మబుద్ధి కాలేదు. అన్నయ్య కాగితం చూపించాను, నా ఐడెంటిటీ కార్డు చూపించాను. ఎస్సై అవన్నీ ఓపిగ్గా చూసి, "బొమ్మే అంటున్నారుగా" అంటూ అంచు మీద బొటనవేలు ఆనించి చటుక్కున తీసుకున్నాడు. వేలి మీద సన్నగా ఎర్ర గీత.

"మొద్దుగా ఉంటే పంపించేసేవాణ్ణి. బందు ముందురోజు ఇంత పదునున్న కత్తి నేనెట్లా వదుల్తాను సార్? రేపు చూద్దాం" అన్నాడు.

బెంచీ మీద కూర్చుని అన్నయ్యకు ఫోన్ చేశాను. అరెస్టు మాట చెప్పలేదు, బస్సు దొరకలేదన్నాను. "ఎలా వచ్చిందిరా?" అన్నాడు వెంటనే. "అచ్చం నువ్వు గీసినట్టే" అన్నాను. ఫోన్లో అతని ఊపిరి వినబడింది. నోరు మూసుకుని, నువ్వు వెళ్లి ఆపరేషన్ చేయించుకో అనాల్సింది. నేనన్నది వేరు. "ఒక్కరోజు ఆగన్నయ్యా. డాక్టరుతో చెప్పి బుధవారానికి మార్పించు. తెచ్చేస్తాను" అన్నాను. "సరేరా, ఇన్నేళ్లు ఆగాను, రెండ్రోజులు ఆగలేనా" అన్నాడు, హుషారుగా.

స్టేషన్ మెట్లు

సోమవారం పొద్దున్నే యాదయ్య వెళ్లి చారిని తీసుకొచ్చాడు. బందు రోజు, పొలం దారులన్నీ తిరిగి వచ్చారు. చారి ఎస్సైకి దణ్ణం పెట్టి, ఇది తాను చేసిందేనని, పంతులు లాంటి మనిషని నా గురించి చెప్పాడు. ఎస్సై కత్తిని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. "పదును తీసెయ్యండి. షోపీసని రాసుకుని ఇచ్చేస్తా. లేదంటే కోర్టుకే పోతది, ఎన్నాళ్లకు వస్తదో నాకు దెల్వదు" అన్నాడు.

బయట వెల్డింగు షాపులో గ్రైండర్ ఉంది, ఐదు నిమిషాల పని అన్నాడు కానిస్టేబుల్. చారి తల తిప్పాడు. "మిషిని వద్దు. నేనే తీస్త. ఇంకోని చెయ్యి పడొద్దు."

సంచీలోంచి ఆకురాయి తీసి, స్టేషన్ మెట్ల మీద కూర్చుని, కత్తిని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇనుము మీద ఇనుము గీసే చప్పుడు. రెండంచులూ, కొన దాకా. ఒక గీత గీయడం, వేలితో చూసుకోవడం, మళ్లీ గీయడం. రాత్రంతా పెట్టిన పదును తీయడానికి మధ్యాహ్నం దాటింది. లోపలివాళ్లు ఒక్కొక్కళ్లే వచ్చి చూసి వెళ్లారు, మొదట నవ్విన కానిస్టేబుల్ నీళ్లు తెచ్చిచ్చాడు. నేను పక్క మెట్టు మీద కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగాలనుకున్నాను, అడిగితే ఏం ఒరుగుతుందని ఊరుకున్నాను.

అయిపోయాక చారి లేచి, పంచె మీద రాలిన ఇనప పొడి దులుపుకుని, కత్తిని మెట్టు మీద పెట్టాడు. నేను వంగి తీసుకున్నాను.

"సారు, మీ అన్నకు ఒక్కటే ముచ్చట జెప్పు. చారి పదును పెట్టిండు, గని తియ్యాల్సొచ్చిందని జెప్పు. లేకుంటె నాకు పదును పెట్టరాదనుకుంటడు."

"తప్పకుండా చెబుతానండి" అన్నాను. అతని చెయ్యి పట్టుకున్నాను. అతను విడిపించుకుని వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

కాకినాడ

మంగళవారం ఉదయం ఇల్లు చేరేసరికి వదిన వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె చెప్పకముందే తెలిసిపోయింది. సోమవారం మధ్యాహ్నం, నేను స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉన్న వేళకు, అన్నయ్య భోజనం చేస్తూ చేస్తూ "దీపం ఆరిపోయిందేవిటే" అన్నాడట. పట్టపగలు. లోపల రక్తం కమ్మేసింది. ఇక ఆపరేషన్‌తో ఉపయోగం లేదని డాక్టరు చెప్పేశాడు. అనుకున్నట్టు సోమవారం పొద్దున బల్ల ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, డాక్టరు కూడా చెప్పలేదు. నేనడగలేదు.

అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు మొహం తిప్పాడు, నా వైపు కాదు, నా పక్కన ఉన్న గోడ వైపు.

"తెచ్చావా?"

ఒళ్లో పెట్టాను. రెండు చేతులతో తడిమాడు. పిడి చివర మూడు బొడిపెలూ లెక్కపెట్టాడు. అడ్డుపట్టీ జానతో కొలిచాడు. వేలు గాడిలో పెట్టి పిడి నుంచి కొన దాకా జార్చాడు. "గాడి వచ్చిందిరా. సరిగ్గా ఇంతే" అన్నాడు. మొహం వెలిగింది. వదిన లోపలికి వెళ్లిపోయింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను, చప్పుడు మాత్రం రానివ్వలేదు.

తర్వాత అతని బొటనవేలు అంచు మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. కాస్త ముందుకు జరిగి మళ్లీ ఆగింది. రెండో అంచూ చూశాడు.

"ఇదేవిటిరా, మొద్దుగా ఉంది?"

నేను గోనెసంచీ మడత పెట్టడం మొదలుపెట్టాను.

"వెయ్యేళ్ల తుప్పులో కూడా దాని అంచు తెలిసేదిరా. కత్తంటే అదేగా. ఏం, ఆ కమ్మరికి పదును పెట్టడం చేతకాలేదా?"

చారి చెప్పమన్న మాట నా నోటిదాకా వచ్చింది. పదును పెట్టాడు, తీయాల్సొచ్చింది అంటే, ఎందుకు తీయాల్సొచ్చింది అంటాడు. పోలీసులంటే, ఎప్పుడు అంటాడు. ఆదివారమంటే, ఒక్కరోజు ఆగమన్నది అందుకేనా అంటాడు. అన్నయ్య ముప్పై ఏళ్లు ఇంజన్లలో లోపం ఎక్కడుందో వెతికిన మనిషి, నా దగ్గరికి రావడానికి అతనికి నాలుగు ప్రశ్నలు చాలు.

"చేతకాలేదన్నయ్యా" అన్నాను.

"పోనీలే పాపం" అన్నాడు.

ఇప్పుడా కత్తి అతని మంచం పక్కనే ఉంటుంది. పలకరించడానికి ఎవరొచ్చినా చేతికిచ్చి చూడమంటాడు. పిడి చెబుతాడు, గాడి చెబుతాడు, తెడ్డు వేసేవాళ్ల గురించి చెబుతాడు. ఆఖర్న, "కందుకూరులో ఒకడు చేశాడండీ. పనివాడే గానీ పదును పెట్టడం రాదు వాడికి" అంటాడు. వచ్చినవాళ్లు అంచు తడిమి చూసి ఔనంటారు. నేనక్కడే కూర్చుని ఉంటాను.